కోవళం నుంచి మహాబలిపురం దాకా: అలల ఊళ్ళలో ఎవరి పేర్లు మిగిలాయి?

మన ధర్మపురికి సముద్రం లేదు. కొండలున్నాయి, చింతచెట్లున్నాయి, మామిడితోపులున్నాయి, హొగెనకల్ దగ్గర కావేరి ఉంది. ఉప్పునీళ్ళు చూడాలంటే మాత్రం తూరుపుకి ఐదారు గంటలు బండిలో పోవాలి. అలాంటి మనం మన ఇంటి చరిత్ర రాసుకునే ఈ చోట సముద్రపు ఊళ్ళ గురించి రాయడమేంటని అడుగుతారేమో. కారణం ఉంది. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళం, మహాబలిపురం ఇప్పుడు అలల మీద ఆడేవాళ్ళ ఊళ్ళుగా పేరు తెచ్చుకున్నాయి. మొన్న మార్చిలో ఇంటిల్లిపాదీ పోయొచ్చాం. పోయేముందూ వచ్చాకా నాలుగు పుస్తకాలు తిరగేస్తే, ఆ ఒడ్డుకీ మనకీ ఉన్న చుట్టరికం మేం అనుకున్నదానికంటే పాతదని తేలింది. మహాబలిపురం గురించి రెండు వందల ఏళ్ళ కిందటే తెలుగులో ఒక తెలుగాయన రాసిపెట్టారు. ఆ సంగతి మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు?

సముద్రం మన ఊరికి వచ్చిన దారి

వెనకటి రోజుల్లో మన సీమవాళ్ళు సముద్రం దగ్గరికి పోయింది తక్కువ. సముద్రమే ఉప్పు రూపంలో మన దగ్గరికి వచ్చేది. ఎద్దుల మీద, గాడిదల మీద బస్తాలు వేసుకుని ఎరుకలవాళ్ళు, లంబాడీలు తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చుకునేవాళ్ళు. 1856లో మద్రాసు రాయపురం నుంచి రైలు మొదలై, కొన్నేళ్ళలోనే జోలార్‌పేట మీదుగా సేలం వైపు వచ్చేసింది. ఆ తర్వాత ఆ బిడారాల బతుకు దెబ్బతిన్నది. ఉప్పు మోసిన ఆ మనుషుల పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు. కులం పేరు మాత్రమే మిగిలింది.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1930లో తిరుచ్చి నుంచి వేదారణ్యం దాకా నడిచి ఉప్పు సత్యాగ్రహం చేయించిన రాజాజీ పుట్టింది హోసూరు దగ్గర తొరపల్లిలో. సముద్రం లేని సీమలో పుట్టినాయనే తమిళనాడులో సముద్రపు ఉప్పు కోసం జైలుకి పోయారు.

ధర్మపురికీ మహాబలిపురానికీ ఇంకా పాత చుట్టరికం ఒకటుంది. ధర్మపురి పాత పేరు తగడూరు. అవ్వైయారుని ఆదరించిన అదియమాన్ రాజుల ఊరు. తొమ్మిదో శతాబ్దంలో ఇది నోళంబుల చేతికి వచ్చింది. నోళంబుల రాజధాని హెంజేరు, అంటే మడకశిర దగ్గరున్న ఇప్పటి హేమావతి. వాళ్ళు తమని పల్లవ వంశం వాళ్ళమని చెప్పుకున్నారు. మహాబలిపురం రేవుని కట్టించి రాళ్ళని గుళ్ళుగా మలిచింది కంచి పల్లవులు. నిజంగా రక్తసంబంధం ఉందో లేదో పక్కన పెడదాం. మన ఊరిని ఏలిన రాజులు తమ తాతలు ఆ తీరం వాళ్ళని చెప్పుకోవడం గొప్పగా భావించారు, అది మాత్రం నిజం.

నోళంబుల కాలం నాటి కన్నడ శాసనాలు ధర్మపురిలోనే దొరికాయి. మేం చదువుకున్నది కన్నడ మీడియంలో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్ళకి తెలుగు అక్షరాలు పట్టుబడటానికి వారం చాలు, తలకట్టు దగ్గరే కాస్త తడబాటు. "మీరు ఏ ఊరివాళ్ళు?" అని ఎవరన్నా అడిగితే మన పిల్లలు ఇబ్బంది పడుతుంటారు. పడనక్కర్లేదు. ఈ ఊరి రాళ్ళే ఒకటికి రెండు భాషలు మాట్లాడాయి.

కోవళం: రేవు లేని ఒడ్డు

ధర్మపురి నుంచి ఊతంగరై, తిరువణ్ణామలై, చెంగల్పట్టు మీదుగా పోయి తూర్పు తీరపు రోడ్డు ఎక్కితే కోవళం వస్తుంది. కేరళ కోవళం వేరు, ఇది వేరు. చెన్నై నుంచి దక్షిణానికి సుమారు 40 కిలోమీటర్లు. ముట్టుకాడు దగ్గర ఉప్పునీటి కాలవ సముద్రంలో కలుస్తుంది, దానికి ఆనుకునే ఈ పల్లె. చర్చి ఉంది, దర్గా ఉంది, గుళ్ళున్నాయి. ఒడ్డంతా పడవలు, వలలు, ఎండుచేపల వాసన. వాటి పక్కనే రంగురంగుల సర్ఫ్ బోర్డులు నిలబెట్టిన కొట్లు, కాఫీ అంగళ్ళు. ఎవరికీ తొందర లేదు. పొద్దున ఆరింటికే జనం నీళ్ళలో ఉంటారు, తొమ్మిదయ్యేసరికి చెట్టు నీడలో ఇడ్లీలు తింటూ కూర్చుంటారు. 2021లో ఇక్కడి బీచికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది.

ఇంత నిదానంగా కనిపించే ఊరి కోసం ఒకప్పుడు నాలుగు దేశాలవాళ్ళు కొట్టుకున్నారు. 1720ల్లో ఇప్పటి బెల్జియం ప్రాంతంలోని ఆస్టెండ్ రేవు నుంచి ఒక వర్తక కంపెనీ వచ్చి ఇక్కడ కొట్టు పెట్టింది. ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ ఒత్తిడి తేవడంతో ఆ కంపెనీ పట్టాని 1727లో నిలిపేశారు. తర్వాత ఆర్కాటు నవాబుల కోట లేచింది. 1750లో అది ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. 1752లో రాబర్ట్ క్లైవ్ పట్టుకుని పేల్చేయించాడు. కోట ఉన్న చోట ఇప్పుడు పెద్ద హోటలు ఉంది. అదే దండయాత్రలో క్లైవ్ చెంగల్పట్టు కోటనీ తీసుకున్నాడు. ఆ కోట విజయనగరం వాళ్ళ కాలంలో లేచింది.

ఇక్కడొక ప్రశ్న. ఇంతమంది వచ్చిన ఈ తీరంలో ఓడలు ఎక్కడ ఆగేవి? ఒడ్డున ఆగే వీలే లేదు. మచిలీపట్నం నుంచి కింద దాకా చాలాచోట్ల ఇదే కథ. లోతు చాలని ఇసుక ఒడ్డు, వరసగా విరిగే అలలు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్ళకి చెన్నపట్నం జాగా ఇచ్చినప్పుడు, ఆ జాగాకి రేవే లేదు. ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకూ మనుషులూ ఒడ్డు చేరాలంటే అలల వరస దాటాలి. ఆ దాటించేది ఇక్కడి బెస్తవాళ్ళే.

దానికి వాళ్ళ దగ్గర రెండు సాధనాలు ఉండేవి. ఒకటి మసూలా పడవ. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరంటారు. పలకలని మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన ఓడ పడవ నేలకి తగిలితే పగిలిపోతుంది. కుట్టిన పడవ అల దెబ్బకి కాస్త వంగి, మళ్ళీ నిలుస్తుంది. రెండోది తెప్ప, తమిళంలో కట్టుమరం. నాలుగైదు దుంగలని తాడుతో కట్టేస్తే అయిపోయింది. అల మీదికొస్తే నీళ్ళు సందుల్లోంచి కారిపోతాయి, తెప్ప మునగదు. మద్రాసు కోట నుంచి ఓడలకి ఉత్తరాలు మోసింది ఈ తెప్పలవాళ్ళే. తడవకుండా తాటాకు టోపీలో కాగితాలు దోపుకుని పోయేవాళ్ళని ఆనాటి ప్రయాణికులు చాలామంది రాశారు. కట్టుమరం అన్న మాట ఇంగ్లీషులోకి పోయి కాటమరాన్ అయ్యి ప్రపంచమంతా తిరిగింది. తెప్ప నడిపిన ఒక్క మనిషి పేరు కూడా ఆ పుస్తకాల్లో మాకు కనపడలేదు. మద్రాసులో హార్బరు పని మొదలైంది 1870ల్లో. 1881 తుపానుకి ఆ గోడలూ దెబ్బతిన్నాయి. అంటే రెండు వందల నలభై ఏళ్ళు ఒక మహానగరం వర్తకమంతా అల ఎప్పుడు విరుగుతుందో తెలిసిన మనుషుల మీద నడిచింది.

ఇప్పుడు సర్ఫింగ్ అంటున్నది ఆ తెలివితో చేసే పనే, ఆటగా. ఈ ఆట పుట్టిల్లు పసిఫిక్ దీవులు, ముఖ్యంగా హవాయి. మన దేశంలో గట్టిగా వేళ్ళూనింది కర్ణాటక తీరంలో మంగళూరు దగ్గర ముల్కిలో, 2004 ప్రాంతంలో. కోవళంలో మూర్తి మేగవన్ అనే బెస్త యువకుడు ఒక విదేశీయుడి దగ్గర బోర్డు చూసి, అడిగి తీసుకుని, తనంతట తానే నేర్చుకున్నారు. తర్వాత ఊళ్ళో పిల్లలకి నేర్పారు. 2012లో అక్కడ సర్ఫ్ బడి నిలబడింది, మరుసటి ఏడాది నుంచి పండగలాగా పోటీలు జరిగాయి. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగితే రమేశ్ బుదిహాళ్ కంచు పతకం గెలిచారు, ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం. తెప్పల వాళ్ళ పేర్లు పోయిన ఒడ్డున సర్ఫింగ్ వాళ్ళ పేర్లు పత్రికల్లో పడుతున్నాయి. ఈ తేడా చిన్నది కాదు.

మా అన్న కొడుకు ఒక గంట పాఠానికి దిగాడు. నేర్పిన అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. ముందు ఇసుక మీద బోర్డు పెట్టి, బోర్లా పడుకోబెట్టి, ఒక్క ఊపున లేచి నిలబడటం నేర్పాడు. తర్వాత నడుం లోతు నీళ్ళలోకి తీసుకుపోయి ఆపాడు. అల వస్తోంది, వీడు ఉరకబోయాడు. "ఇది కాదు. దీని వెనకది కూడా కాదు. మూడోది," అన్నాడు తమిళంలో. మా కళ్ళకి మూడూ ఒకటే. మూడో అలకి వెనక నుంచి తోశాడు, వీడు రెండు క్షణాలు నిలబడి పడ్డాడు. అన్నిట్లో పడిన సంతోషం వాడిది.

ఒడ్డున కూర్చున్న మా అవ్వ ఆ అబ్బాయిని పిలిచి అడిగిన మొదటి మాట, "ఎవురి బిడ్డవప్పా? మీ అమ్మ పేరేమి?" అవ్వకి తమిళం బాగా వచ్చు, ఆ పిల్లాడు నవ్వుతూ చెప్పాడు. అవ్వ ఎవర్ని చూసినా అంతే, ఊరు అడగదు, కులం అడగదు, అమ్మ పేరు అడుగుతుంది.

పోవాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. మార్చి నుంచి మే దాకా పొద్దుటి పూట నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, కొత్తవాళ్ళకి అదే మేలు. జూన్ తర్వాత దక్షిణం నుంచి పెద్ద అలలు వస్తాయి, అవి నేర్చినవాళ్ళకి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపానుల కాలం, పిల్లలతో దిగొద్దు. ఏ కాలమైనా ఊరివాళ్ళు వద్దన్న చోట దిగొద్దు.

పాము జాడ చదివినవాళ్ళు

కోవళం, మహాబలిపురం తిరిగేటప్పుడు ఇంకో రెండు చోట్ల ఆగాం. ముట్టుకాడు దగ్గరున్న దక్షిణచిత్ర 1996లో తెరిచారు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళని విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన చోటు. ఒకప్పటి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు, విశాఖ వైపు మట్టి చుట్టిల్లు, ఇల్కల్ నేతగాళ్ళ ఇల్లు, తమిళనాడు ఇళ్ళు అన్నీ ఒకే ఆవరణలో. అవ్వ చుట్టింటి గోడని చేత్తో తడిమి, "ఇట్లాంటి గోడ మా పుట్టింట్లో ఉణ్ణింది," అంది.

రెండోది మొసళ్ళ పార్కు. రోములస్ విటేకర్, జై విటేకర్ 1976లో మొదలుపెట్టారు. పిల్లలు మొసళ్ళనే చూస్తారు, మేం మాత్రం అక్కడి పాముల కేంద్రం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాం. ఇరుళవాళ్ళు మన ధర్మపురి, కృష్ణగిరి అడవుల వైపు కూడా ఉన్నారు. ఇసుక మీద గీత చూసి ఏ పాము, ఎటు పోయింది, ఎంతసేపైంది చెప్పగలరు. ఒకప్పుడు పాము చర్మాల వ్యాపారులు వాళ్ళ చేత పట్టించేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ వ్యాపారం ఆగింది, వాళ్ళ బతుకూ ఆగింది. 1978లో ఇరుళ పాములవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. మన చేల్లో పాము కరిచి ఆసుపత్రికి పోయి బతికొచ్చినవాళ్ళ ఒంట్లోకి ఎక్కిన మందులో వీళ్ళ చేతి పని ఉండి ఉండొచ్చు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ అనే ఇద్దరు ఇరుళ పాములవాళ్ళకి పద్మశ్రీ ఇచ్చారు. తాతల నాటి విద్యకి పేరుతో సహా గుర్తింపు వచ్చింది.

మహాబలిపురం: రాతిని చదివినవాళ్ళు

మహాబలిపురంలో ఏం చూడాలో అందరికీ తెలుసు. ఒడ్డున ఎనిమిదో శతాబ్దం మొదట్లో రాజసింహ పల్లవుడు కట్టించిన గుడి. ఒక్కో బండని ఒక్కో గుడిగా చెక్కిన పంచ రథాలు. సుమారు 30 మీటర్ల పొడవు రెండు బండల మీద చెక్కిన అర్జునుడి తపస్సు. అందులో ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేసే పిల్లిని, దాన్ని నమ్మి చేరిన ఎలకల్ని పిల్లలకి తప్పకుండా చూపించండి. పక్కనే కృష్ణ మండపంలో ఆవు పాలు పితికే బొమ్మ పల్లవులది, ముందున్న స్తంభాల మండపం విజయనగర కాలానిది. కొండ మీద పూర్తికాని రాయల గోపురం ఉంది. లైట్‌హౌసు ఎక్కితే అంతా ఒక్కచోట కనిపిస్తుంది. అది రాకముందు పక్కనున్న పల్లవుల గుడి మీదే దీపం పెట్టేవాళ్ళు. 1984 నుంచి ఇదంతా యునెస్కో జాబితాలో ఉంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేముందు సముద్రం వెనక్కి పోతే ఒడ్డుకి దూరంగా రాళ్ళ వరస కనపడిందని చూసినవాళ్ళు చెప్పారు. తమిళనాడులో సుమారు 8,000 మంది ప్రాణాలు పోయిన రోజది, వాళ్ళలో చాలామంది ఇలాంటి బెస్త పల్లెలవాళ్ళే. అల ఇసుకని తోసేయడంతో దగ్గర్లోని శాలువన్‌కుప్పంలో ఒక శాసనపు బండ బయటపడింది. అక్కడ తవ్వితే మురుగన్ గుడి దొరికింది. పైన పల్లవుల నాటి రాతి కట్టడం, దాని కింద ఇంకా పాత ఇటుక కట్టడం.

ఇక అసలు సంగతి. ఈ ఊరి గురించి యూరోపువాళ్ళలో వివరంగా రాసింది విలియం చేంబర్స్. 1772లోనూ 1776లోనూ చూసి రాసింది 1788లో అచ్చయింది. ఏ చరిత్ర పుస్తకం తీసినా అక్కడి నుంచే మొదలుపెడతారు. కానీ 1803లో కావలి లక్ష్మయ్య ఈ ఊరి గురించి తెలుగులో ఒక వృత్తాంతం రాశారు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం రాసిన కాగితాల్లో అదొకటి. 1869లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ మద్రాసులో మహాబలిపురం మీద వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా కూర్చినప్పుడు దాన్నీ చేర్చారు. ఈ కార్ మనకి కొత్తవాడేం కాదు. అంతకు ముందు ఏడాదే తెలుగు సామెతలు పోగుచేసి అచ్చేయించిన కార్ ఈయనే.

కావలి సోదరులు ఏలూరు వాళ్ళు. పెద్దాయన వెంకట బొర్రయ్య, తర్వాత వెంకట లక్ష్మయ్య, ఇంకొకాయన వెంకట రామస్వామి. బొర్రయ్య 1790ల్లో మెకంజీ దగ్గర చేరారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మెకంజీ మైసూరు సీమని సర్వే చేస్తుంటే వెంట ఉన్నారు. మనబోటి కన్నడ బడివాళ్ళకి గర్వంగా అనిపించే సంగతి ఏంటంటే, హళెగన్నడ శాసనాల లిపిని చదివి ఆ తలుపు తీసింది తెలుగువాడైన ఈ బొర్రయ్యే. మెకంజీయే ఆ మాట ఒప్పుకుని రాశాడు. బొర్రయ్య చిన్న వయసులోనే 1803లో చనిపోయారు. అన్న పోయిన ఏడాదిలోనే తమ్ముడు మహాబలిపురం గురించి రాశారన్నమాట. తర్వాత ఆ పని అంతటికీ పెద్ద లక్ష్మయ్యే అయ్యారు.

వాళ్ళ పద్ధతి మన కైఫీయత్తులు చదివినవాళ్ళకి తెలిసిందే. ఊరికి పోవడం, పెద్దల్ని కూర్చోబెట్టి అడగడం, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, శాసనాల నకళ్ళు ఎత్తడం. మెకంజీ 1821లో చనిపోయేనాటికి పోగైన శాసనాల నకళ్ళు 8,076, నాణేలు 6,218. ఒక్క దొర చేసే పని కాదది. పదుల మంది తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ పండితులు ఎండలో తిరిగి చేసిన పని. దాని పేరు మాత్రం నేటికీ మెకంజీ సేకరణ. 1816లో థామస్ హికీ గీసిన ఒక చిత్రంలో ఎర్ర కోటు వేసుకున్న మెకంజీ మధ్యలో ఉంటాడు, చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. వాళ్ళలో ఒకరు లక్ష్మయ్య అని, ఒకరు కన్నడ సీమ జైన పండితుడు ధర్మయ్య అని చెబుతారు.

మెకంజీ పోయాక ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగారు. ముప్ఫై ఏళ్ళు దాన్ని మోసిన మనిషి. 1830ల్లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళు, అంత పెద్ద పని నడిపించే తల ఆయనది కాదని తేల్చేశారు. ఆ కాగితాలు పరిశీలించే పని విలియం టేలర్ అనే మిషనరీకి పోయింది. లక్ష్మయ్య పోగుచేసినవాటిని చదవడానికి కూడా ఆయన్ని పెద్దగా పెట్టుకోలేదు.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఏది ఎక్కడ విరుగుతుందో ముందే చూసి చెప్పడం మా ఉద్యోగం. సరుకు బయటికి పోయినప్పుడు టెస్టర్ పేరు ఎక్కడా ఉండదు, ఉండాలని మేమూ అనుకోం, జీతం వస్తుంది కదా. కానీ లక్ష్మయ్య సంగతి వేరే. ఆయన రాసింది ఆయన పేరుతోనే, ఆయన భాషలోనే మిగిలింది. దాన్ని చదవాల్సిన మనమే చదవడం లేదు. మహాబలిపురం పోయిన ప్రతి తెలుగు కుటుంబం గైడు చెప్పిన ఇంగ్లీషు మాటలు వింటుంది. ఇదే రాళ్ళ మధ్య తిరిగి మన భాషలో కాగితం నింపుకున్న ఏలూరాయన మాట ఎవరూ చెప్పరు.

మన కాగితాల్లో ఎవరున్నారు?

ఈ తీరమంతా చదివినవాళ్ళతో నిండి ఉంది. అలని చదివినవాళ్ళు, ఇసుక మీద పాము జాడని చదివినవాళ్ళు, రాతి మీద అక్షరాన్ని చదివినవాళ్ళు. కొందరి పేర్లు మిగిలాయి, ఎక్కువమందివి పోయాయి. ఎవరో ఒకరు కూర్చుని రాసిన చోటే మిగిలాయి. కార్ అచ్చేయించకపోతే లక్ష్మయ్య కాగితం ఏమయ్యేదో.

ఇప్పుడు మన ఇంటి సంగతి. రాయల కాలంలో వచ్చామని మన పెద్దలు చెబుతారు. తాతగారు రాయించిన వంశవృక్షంలో ఏడు తరాలున్నాయి. మొదటి నుంచి చివరిదాకా మగవాళ్ళ పేర్లే. ఆడవాళ్ళున్న చోట "భార్య" అని ఉంది, రెండు చోట్ల "మొదటి భార్య", "రెండవ భార్య" అని ఉంది. కనపడినవాళ్ళందరినీ అమ్మ పేరు అడిగే మా అవ్వ కూడా అందులో "భార్య"యే. కోవళం పిల్లాడి అమ్మ పేరు అవ్వకి ఇప్పటికీ గుర్తుంది. అవ్వ అత్తగారి అమ్మ పేరు మాత్రం ఇంట్లో అవ్వకి తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఇంటిలో రాగులు విసిరిందీ, కరువులో విత్తనాలు దాచిందీ, తమిళ ఊళ్ళో కన్నడ బడికి పోయే పిల్లల నోట్లో తెలుగు నిలబెట్టిందీ వాళ్ళే. నాయనలు సంతకి తమిళంలో పోయి తమిళంలోనే తిరిగొచ్చేవాళ్ళు. తెలుగు అవ్వల దగ్గరే ఉండింది.

అందుకని ఈసారి బంధువులందరికీ ఒక మనవి. హోసూరు, కృష్ణగిరి, బెంగళూరు, కోలారు, ఎక్కడున్నా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి నాలుగు సంగతులు రాసుకోండి. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు, వాళ్ళ పుట్టిన ఊళ్ళు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయండి, ఊరి పేరు ఇప్పటి మ్యాపులో లేకపోయినా పాత పేరే ఉంచండి. తెలుగు రాయడం రాని పిల్లలు కన్నడంలోనో తమిళంలోనో రాసి పంపితే మేం ఎక్కించుకుంటాం. అవ్వ నోటి నుంచి ఇప్పటిదాకా పదకొండు పేర్లు వచ్చాయి. వాటిని వంశవృక్షంలో "భార్య" అని ఉన్న చోట్ల ఒక్కొక్కటిగా రాస్తున్నాం. ఇంకా ఖాళీలు చాలా ఉన్నాయి.